పాత పెట్రోలు బండికి సైలెన్సర్ మార్పించే ముందు

మొన్న వేసవిలో ఒక కూరగాయల వ్యాపారి చేతిలో కాగితం పట్టుకొని మా నగరసభ కార్యాలయానికి వచ్చారు. పలమనేరు వైపు నుంచి వచ్చి రాబర్ట్‌సన్‌పేటలో స్థిరపడిన మనిషి. పాతకాలపు పెట్రోలు జీపుకు వెనుక తొట్టి కట్టించుకొని, తెల్లవారుజామున మార్కెట్టుకు సరుకు తోలుకొని బతుకుతున్నారు. ఆ కాగితం పోలీసులు ఇచ్చినది, కన్నడంలో ఉంది. "కన్నడం మాట్లాడేది వస్తుంది సార్, చదివేది రాదు. బండి సద్దు చేస్తే లైసెన్సు పోతుందంటున్నారు, నిజమేనా?" అని అడిగారు. నిజమే. మూడు నెలలు బండి తోలే అర్హత పోతే ఆయన ఇంట్లో మూడు నెలలు పొయ్యి వెలగదు.

విచారిస్తే తెలిసిన సంగతి ఇది. తుప్పు పట్టి చిల్లులు పడిన సైలెన్సర్‌కు బదులు కొత్తది వేయించబోతే, వెల్డింగ్ షాపువారు "ఇది వేయించుకో, ఖర్చు తక్కువ, బండి బాగా లాగుతుంది" అని లోపల ఏమీ లేని ఒక తిన్నని గొట్టం అమర్చి పంపారు. ఇంట్లోని కుర్రవాడికి ఆ మోత నచ్చింది. తండ్రికి ఖర్చు తగ్గింది. ఇద్దరూ సంతోషంగానే ఉన్నారు, ఆ కాగితం వచ్చేవరకు. మన ఊరిలో పాత జీపులు, జిప్సీలు, ఆమ్నీలు, పికప్పులు నడిపే తెలుగువారు తక్కువేమీ కాదు. వారికి ఉపయోగపడుతుందన్న ఉద్దేశంతో ఈ విషయాన్ని కొంత విపులంగా రాస్తున్నాను.

ముందుగా సైలెన్సర్ చేసే పని ఏమిటో తెలుసుకోవాలి. నాలుగు సిలిండర్ల పెట్రోలు ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నప్పుడు సెకనుకు 100 సార్లు వేడి వాయువు గొట్టంలోకి ఎగజిమ్ముతుంది. ఆ నూరు దెబ్బలే మనకు మోతగా వినిపిస్తాయి. వాటిని అణచడానికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, డబ్బా లోపల అడ్డు రేకులతో గదులు కట్టి, వాయువును ఒక గదిలో నుంచి మరొక గదిలోకి తిప్పడం. అక్కడ అలలు ఒకదానికొకటి ఎదురై బలహీనపడతాయి. కంపెనీ నుంచి వచ్చే సైలెన్సర్లలో చాలావరకు ఈ పద్ధతివే. రెండవది, రంధ్రాలున్న తిన్నని గొట్టం చుట్టూ గ్లాస్ వూల్ దట్టించి, దానిపై రేకు తొడగడం. వాయువుకు అడ్డు తక్కువ. చెవిని కోసే సన్నని శబ్దాన్ని దూది మింగుతుంది. అయితే బరువైన, లోతైన మోతను అది అంతగా పట్టలేదు. పైగా కొన్నేళ్ళకు వేడికి దూది కాలి, రాలి, గొట్టంలోంచి ఎగిరిపోతుంది. అప్పుడు మిగిలేది రేకు చుట్టిన ఖాళీ గొట్టం. కొన్ననాడు చట్టానికి లోబడి ఉన్న సైలెన్సర్ కూడా ఆ విధంగా మెల్లగా గీత దాటుతుంది. ఇక మూడో రకం ఉంది, మన వ్యాపారి బండికి వేసినది. దానిని సైలెన్సర్ అనడానికే వీలు లేదు.

ఆ గొట్టం వేస్తే బండి బాగా లాగుతుందన్న మాటలో ఎంత నిజం ఉంది? బండి పూర్తి వేగంతో, ఇంజను గరిష్ఠ స్థాయిలో తిరుగుతున్నప్పుడు అడ్డు తగ్గితే ఒకటి రెండు గుర్రాల బలం కలిసిరావచ్చు. కానీ సరుకు వేసుకొని ఎత్తు ఎక్కే బండి ఆ స్థాయిలో తిరగదు. తక్కువ చుట్లలోనే దానికి లాగుడు కావాలి. గొట్టం అవసరానికి మించి లావైతే వాయువు వేగం తగ్గి, ఒక సిలిండరు వదిలిన ప్రవాహం తరువాతి దానిని లాక్కుపోయే సాయం కూడా తగ్గుతుంది. అంటే మార్కెట్టు బండికి ఎక్కడ బలం కావాలో అక్కడే తరుగుతుంది. కార్బ్యురేటర్ ఉన్న పాత ఇంజన్లలో మరొక చిక్కు. బయటికి పోయే దారి తెరుచుకొనేసరికి గాలి ఎక్కువై పెట్రోలు పాలు తగ్గవచ్చు. యాక్సిలరేటర్ వదిలినప్పుడల్లా గొట్టంలో టపటప పేలడం దానికి ఒక గుర్తు. పట్టించుకోకపోతే వాల్వులు కాలిపోతాయి. "శబ్దం మారింది కాబట్టి బలం పెరిగినట్టు అనిపించింది" అని ఒక అనుభవజ్ఞుడైన మెకానిక్కు నాతో అన్నమాట ఇక్కడ గుర్తొస్తోంది. చెవి ఇచ్చే సాక్ష్యాన్ని నమ్మకుండా, పాత సైలెన్సర్ ఉన్నప్పుడు ఏ గేరులో ఏ ఎత్తు ఎక్కేదో పోల్చి చూసుకోవడం మేలు.

మోత ఎక్కువైతే దారిలో జనం తప్పుకుంటారని, అది భద్రత అని వాదించేవారూ ఉన్నారు. గొట్టం మూతి వెనక్కు తిరిగి ఉంటుంది. ముందు నడిచేవారికంటే వెనుక ఇళ్ళవారికే ఆ మోత ఎక్కువ వినబడుతుంది. తప్పుకొమ్మని చెప్పడానికి హారను ఉంది.

ఇక డెసిబెల్ లెక్క. ఇది మామూలు కూడిక కాదు. 3 పెరిగితే శబ్దశక్తి రెండింతలు. 10 పెరిగితే శక్తి పదింతలు, మన చెవికి సుమారు రెండింతల మోత. బహిరంగ ప్రదేశంలో దూరం రెట్టింపైతే 6 తగ్గుతుంది. రెండు వైపులా గోడలున్న సందులో అంత కూడా తగ్గదు. పర్యావరణ పరిరక్షణ నియమాలలో బండ్ల తయారీదారులకు మొదట విధించిన పరిమితి కారుకు 82, నాలుగు టన్నులు మించని సరుకు బండికి 85 డెసిబెల్స్. ఏడున్నర మీటర్ల దూరంలో మైకు పెట్టి, బండిని వేగం పెంచుతూ పోనిచ్చి కొలుస్తారు. తరువాతి సవరణలతో 2005 నాటికి తొమ్మిది సీట్ల లోపు ప్రయాణికుల బండికి అది 74కు దిగింది. పాత బండి పాత పరిమితికి తయారైనదే, సందేహం లేదు. అందువలన దానికి కొంత మోత సహజం. ఆ సహజమైన మోతకు ఎవరూ జరిమానా వేయరు. దానిపై మనం చేర్చినదే తగాదా.

2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు వేరే విషయం చెబుతాయి. అవి పరిసరాల మొత్తం శబ్దానికి హద్దులు: నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45, వాణిజ్య ప్రాంతంలో 65, 55, పారిశ్రామిక ప్రాంతంలో 75, 70, నిశ్శబ్ద మండలంగా ప్రకటించిన ఆసుపత్రి, విద్యాసంస్థ, న్యాయస్థానం చుట్టూ 100 మీటర్ల మేర 50, 40. రాత్రి అంటే పది గంటల నుంచి ఉదయం ఆరు వరకు. ఇవి ఒక్క బండిని నిలబెట్టి కొలిచే సంఖ్యలు కావు. కొంత సమయం మీద తీసిన సగటులు. అయినా పోల్చి చూడండి. రాత్రి 45 ఉండవలసిన వీధిలో 90 దాటిన బండి వెళ్ళడం అంటే ఏమిటో ఆ తేడాయే చెబుతుంది. తెలుగులో "సద్దు మణిగిన వేళ" అని ఒక చక్కని మాట ఉంది. కన్నడిగులు కూడా శబ్దాన్ని సద్దు అనే అంటారు. ఈ పుస్తకానికి అనువాదం చేసేటప్పుడు రెండు భాషలకూ ఒకే మాట సరిపోవడం అరుదు, ఇక్కడ సరిపోయింది.

చట్టం విషయానికి వద్దాం. 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలలో 120వ నియమం ప్రకారం ట్రాక్టరుతో సహా ప్రతి మోటారు బండికీ, వాయువు బయటికి పోయేటప్పుడు వచ్చే మోతను సాధ్యమైనంత తగ్గించే సైలెన్సర్ ఉండి తీరాలి. తిన్నని గొట్టం ఈ నియమం ముందు ఏ విధంగానూ నిలబడదు. 1988 మోటారు వాహన చట్టంలోని 190వ సెక్షన్ రెండవ ఉపవిభాగం, 2019 సవరణ తరువాత, శబ్ద ప్రమాణాలు మీరి బండి తోలినవారికి, తోలనిచ్చినవారికి మొదటిసారి మూడు నెలల వరకు జైలు, లేదా పది వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చునని చెబుతుంది. దానితోపాటు మూడు నెలలు లైసెన్సుకు అనర్హత. రెండవసారి జైలు ఆరు నెలల వరకు ఉండవచ్చు. "తోలనిచ్చినవారు" అన్న మాటను యజమానులు జాగ్రత్తగా చదవాలి. కుర్రవాడు తోలాడు, నాకు తెలియదు అంటే సరిపోదు.

మార్పుల గురించి 52వ సెక్షన్ వేరుగా ఉంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు ఆర్.సి. భిన్నంగా ఉండేటట్లు బండిని మార్చకూడదని దాని సారం. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే దృఢంగా చెప్పింది. అనుమతి లేని మార్పుకు 182-ఎ సెక్షన్ కింద యజమానికి ఒక్కొక్క మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ ఉన్నాయి. అయితే భయపడి చిల్లులు పడిన సైలెన్సర్‌తోనే తిరగనవసరం లేదు. పాడైనదాని స్థానంలో అదే పని చేసేది వేయించడం మరమ్మతు. అది మీ హక్కు. సైలెన్సర్ ఏ కంపెనీదన్నది ఆర్.సి.లో రాయరు. కంపెనీ పెట్టె దొరకని పాత బండికి వేరొకరు తయారుచేసినది వేయించుకోవచ్చు, మోత పెరగనంతవరకు.

ఆంధ్రప్రదేశ్ నంబరుతో బండి తెచ్చుకొని ఇక్కడే నడుపుకొంటున్నవారు మరొక సంగతి గమనించాలి. వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచిన బండికి 47వ సెక్షన్ ప్రకారం ఇక్కడి నంబరు తీసుకోవాలి. అందుకు పాత కార్యాలయం నుంచి నిరభ్యంతర పత్రం కావాలి. బండిని చూపించవలసి వస్తుంది. పదిహేనేళ్ళు నిండిన సొంత బండికి ఆర్.సి. పొడిగించేటప్పుడు, ఎనిమిదేళ్ళు దాటిన సరుకు బండికి ఏటేటా ఎఫ్.సి. చేయించేటప్పుడు కూడా బండి కిందకు వంగి చూస్తారు. ఆ ఒక్కరోజుకు పాత సైలెన్సర్ అద్దెకు తెచ్చి బిగించే అలవాటు కొందరికి ఉందని విన్నాను. రెండుసార్లు కూలి ఇచ్చేదానికి ఒకసారి సరైనది వేయించుకోవడం తేలిక కదా.

ఇక అసలు ఎంపిక. మొదట పాతది ఎందుకు పాడైందో చూడండి. ఒక లీటరు పెట్రోలు కాలితే సుమారు ఒక లీటరు నీరు ఆవిరిగా పుడుతుంది. దూరం వెళ్ళే బండిలో సైలెన్సర్ వేడెక్కి ఆ ఆవిరి పూర్తిగా బయటికి పోతుంది. ఇంటి నుంచి మార్కెట్టుకు, మార్కెట్టు నుంచి అంగడికి తిరిగే బండిలో అది సైలెన్సర్‌లోనే చల్లబడి నిలిచి, లోపలి నుంచి తుప్పు తింటుంది. కాబట్టి మీ తిరుగుడు దగ్గరదైతే మామూలు ఇనుప రేకు కంటే అల్యూమినియం పూత పూసిన రేకుగానీ స్టెయిన్‌లెస్ స్టీలుగానీ ఎక్కువ కాలం వస్తుంది. డబ్బా అడుగున నీరు కారేందుకు సన్నని రంధ్రం ఉందో లేదో అడగండి. ఆ రంధ్రాన్ని చిల్లు అనుకొని వెల్డు చేసి మూసేసినవారిని నేనెరుగుదును.

గొట్టం లోపలి వ్యాసం కంపెనీ ఇచ్చినంతే ఉండాలి. డబ్బా పరిమాణం మాత్రం కొంచెం పెద్దదైనా నష్టం లేదు, నిజానికి లాభమే. బండికి గంభీరమైన గొంతు కావాలని కోరేవారికి ఇది చెప్పదలచుకున్నాను. గంభీరం వేరు, బిగ్గర వేరు. పెద్ద డబ్బా, దానికి ముందో వెనుకో ఒక చిన్న రెసొనేటర్ డబ్బా ఉంటే, చెవిని కోసే శబ్దం పోయి లోతైన స్వరం మిగులుతుంది, డెసిబెల్స్ పెరగకుండానే. కుర్రవాడి ముచ్చట, తండ్రి లైసెన్సు రెండూ నిలుస్తాయి. గ్లాస్ వూల్ రకమే కావాలంటే పొడవైనది ఎంచుకోండి. పొట్టిది, లావు మూతితో మెరిసేది, "రేసింగ్" అని చెక్కినది వద్దు. దూది మార్చడానికి వీలుగా మూత మరలతో ఉన్నది దొరికితే ఇంకా మంచిది.

వంపుల దగ్గర గొట్టం నొక్కుకుపోకూడదు. గొట్టంలో ఇసుక దట్టించి వేడిచేసి వంచే పాత పద్ధతి ఇప్పటికీ తెలిసిన పనివారు మన గోల్డ్ ఫీల్డ్స్‌లో ఉన్నారు. గనుల షెడ్లలో, బెమెల్ కర్మాగారంలో చేయి తిరిగినవారి వద్ద నేర్చిన పని అది. అటువంటివారు దొరికితే నాలుగు రోజులు ఆలస్యమైనా వారికే ఇవ్వండి. మొదట బొట్లు బొట్లుగా వెల్డు చేయించి, ఇంజను నడిపి విని, నచ్చిన తరువాత పూర్తిగా అతికించమని చెప్పండి. పెట్రోలు పైపుకు, ఈ గొట్టానికి మధ్య కనీసం 35 మిల్లీమీటర్లు ఎడం ఉండాలని నియమం. ఇది శబ్దం మాట కాదు, మంట మాట.

గొట్టం మూతి ఎక్కడ తెరుచుకుంటుందన్నది అన్నిటికంటే ముఖ్యం. ఖర్చు తగ్గించడానికి వెనుక చక్రం ముందే ఆపేసిన గొట్టాలు కనబడుతున్నాయి. పాత కార్బ్యురేటర్ ఇంజను పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఎక్కువ. దానికి రంగు లేదు, వాసన లేదు. వెనుక గుడ్డ కప్పిన జీపు ముందుకు పోతుంటే వెనుక గాలి లోపలికి లాక్కుంటుంది. తలనొప్పి, మత్తు, కళ్ళు తిరగడం దాని గుర్తులు. బస్తాల మీద నిద్రపోయిన పిల్లవాడిని అలసటవల్ల పడుకున్నాడని అనుకుంటాం. గొట్టం బండి శరీరం దాటి వెనుకకు పోవాలి; మేనిఫోల్డ్ దగ్గర ప్యాకింగ్ కొత్తది పడాలి. మోతగొట్టంతో ఉన్న మరో ప్రమాదం ఇక్కడే ఉంది: ప్యాకింగ్ పోయిన చిన్న టిక్కుటిక్కు ఆ రొదలో వినబడదు.

కొత్త బండ్లకు, అంటే 1995లో మహానగరాలతో మొదలై తరువాత దేశమంతటా వచ్చిన వాటికి, కేటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. "అది అడ్డం, తీసేద్దాం, పాతది మాకే వదిలేయండి" అని ఎవరైనా అంటే జాగ్రత్త. అందులో ప్లాటినం, పల్లేడియం, రోడియం ఉంటాయి. వారు ఉచితంగా అడుగుతున్నది విలువైన వస్తువు. అది లేకుండా పియుసి పరీక్ష నిలవదు. బిఎస్-2కు ముందటి పెట్రోలు నాలుగు చక్రాల బండికి కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం వరకు అనుమతి ఉన్నా, బిఎస్-2, బిఎస్-3 బండ్లకు అది అర శాతమే, బిఎస్-4కు 0.3.

మన ఊరి సంగతి కొంత చెప్పక తప్పదు. బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి గాని, అందులో పనిచేసినవారు ఇంకా ఈ లైన్లలోనే ఉన్నారు. ఒక గోడకు ఇటు ఒక కుటుంబం, అటు ఒక కుటుంబం, పైన రేకు. లోతైన మోత ఆ రేకును కంపింపజేస్తుంది, గోడ దాన్ని ఆపదు. రాతిని తొలిచే డ్రిల్లుల దగ్గర ఏళ్ళ తరబడి పనిచేసిన చెవులు చాలావరకు దెబ్బతిన్నవి. చెవుడు వచ్చినవారికి ఈ మోత బాధ ఉండదని మనం అనుకుంటాం. అది పొరపాటు. లోపలి చెవి దెబ్బతిన్నప్పుడు చిన్న శబ్దం వినబడదు, పెద్ద శబ్దం మాత్రం ఒక్కసారిగా, భరించలేనంతగా తగులుతుంది. మనవరాలి మాట వినబడని తాతకు వీధిలో గొట్టం పేలితే గుండె అదురుతుంది. భూగర్భంలో రాయి పేలిన చప్పుడు విని పరుగెత్తిన మనిషికి అది ఏమి గుర్తు చేస్తుందో నేను రాయనక్కరలేదు. మారికుప్పం నుంచి బెంగళూరుకు పోయే తెల్లవారుజాము రైలు పట్టుకోవలసినవారు రాత్రి తొందరగా పడుకుంటారు. వారి నిద్రకు మిగిలేవే నాలుగైదు గంటలు.

తోలేవారి చెవి సంగతి కూడా ఉంది. అమెరికాలోని వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కలో 85 డెసిబెల్స్ రోజుకు ఎనిమిది గంటలు, 88 అయితే నాలుగు, 91 అయితే రెండు గంటలు దాటకూడదు. తలుపులు లేని జీపులో మోతగొట్టం వేసుకొని పగలంతా తిరిగేవారు ఈ లెక్క ఒకసారి వేసుకోవాలి.

మోత బండ్లపై ఫిర్యాదు చేయదలచినవారు గుర్తుంచుకోవలసినది, నగరసభకు బండిని ఆపి జరిమానా వేసే అధికారం లేదు; అది పోలీసులది, రవాణా శాఖది. అత్యవసరమైతే 112కు ఫోను చేయవచ్చు. పరిసర శబ్దం హద్దును 10 డెసిబెల్స్ లేదా అంతకుమించి దాటినా, రాత్రివేళ ఆంక్షలు మీరినా ఫిర్యాదు చేసే హక్కు 2000 నాటి నియమాలలో ప్రతి పౌరునికీ ఉంది. బండి నంబరు, వేళ, వీధి పేరు రాసి ఇస్తే చాలు. తెలుగులో రాసి తెస్తే కన్నడంలోకి మార్చి ఇవ్వడం మా పని.

ఆ కూరగాయల వ్యాపారి నాలుగు రోజుల తరువాత మళ్ళీ వచ్చారు. గదుల సైలెన్సర్ వేయించి, గొట్టాన్ని తొట్టి దాటించి, బిల్లు జాగ్రత్తగా మడిచి తెచ్చారు. ఆ బిల్లు పారేయవద్దని, ఆర్.సి., బీమా, పియుసి కాగితాలతో కలిపి బండిలోనే ఉంచమని చెప్పి, జవాబు కాగితం కన్నడంలో రాసి ఇచ్చాను.